దీపం పెద్దగైంది

మా ఆయనకు తెలియని సంగతి లేదు. సముద్రంలో ఎనిమిది చేతుల జంతువు ఒకటి ఉంటుందనీ, దానికి మూడు గుండెలనీ పెళ్లయిన కొత్తలోనే నాకు చెప్పాడు. ఒక్క గుండె ఉన్నవాడితో వేగడమే నాకు అప్పటికి అర్థం కాకుండా ఉంది. పైకి మాత్రం “అట్లనా” అన్నాను. అదీ తప్పే అయింది. “అలాగా” అనాలట.

నాది ధర్మపురి వైపు. మెట్టింది హుస్నాబాద్ అంగడికి బండి కడితే పొద్దంతా పట్టే ఒక ఊరిలో, దొరల ఇంట్లో. రజాకార్ల రోజుల్లో ఊళ్లు అట్టుడికిపోతుంటే మా మామ తన ఒక్క కొడుకునూ బెజవాడలో ఉన్న బావమరిది ఇంటికి పంపాడు. పిల్లవాడు అక్కడే చదివి, అక్కడి మాట నేర్చుకొని, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సైన్సు పంతులుగా సొంత ఊరికి తిరిగొచ్చాడు. దొర కొడుక్కి ఉద్యోగం చేసి బతకాల్సిన ఖర్మేమిటని ఊళ్లో అనుకున్నారు. ఆయనకు కావలసింది ఉద్యోగం కాదు, వినేవాళ్లు. బడిలో పిల్లలు దొరికారు. ఇంట్లో మేము దొరికాం.

బెజవాడ నుంచి ఒక వారపత్రిక వచ్చేది. అందులో చివరి పేజీ అంతా వింతలే. చుక్కల్లో కొన్ని ఎప్పుడో చచ్చిపోయినా వాటి వెలుగు మాత్రం ఇంకా మన దగ్గరికి వస్తూనే ఉంటుందట. చంద్రుడి మీద ఎంత అరిచినా వినపడదట. తేనె ఎన్నేళ్లున్నా చెడిపోదట. ఆ పేజీ చేతికొచ్చిన సాయంత్రం మా ఇంటి ముందు దర్బారు జరిగేది. పనివాళ్లందరినీ అరుగు కింద కూర్చోబెట్టి “మీకు తెలుసా?” అని మొదలుపెట్టేవాడు. తెలిసే అవకాశం లేని వాళ్లను ఏరికోరి అడగడంలో ఆయనకు ఒక రుచి ఉండేది. రోము నగరంలో పాత కాలపు చాకళ్లు మూత్రంతో బట్టలు ఉతికేవాళ్లని ఒకసారి చదివాడు. మా చాకలిని పిలిచి, నీ తాతముత్తాతల విద్య నీకెందుకు రాలేదని అడిగాడు. ఆ ముసలాయన వంగి నవ్వాడు. ఆ తర్వాత ఎన్ని నెలలో, ఆయన మూట ఎత్తుకొని వస్తే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు.

అందరికంటే ఎక్కువ తగులుకున్నది మా ఇంట్లో జీతానికున్న మనిషికి. వెట్టి పోయిందని సర్కారు చెప్పింది, మా ఇంట్లో దాని పేరు మాత్రమే పోయింది. అతడూ అతని పెండ్లామూ తెల్లవారకముందే వచ్చేవాళ్లు. అతడు ఎడ్లు, నాగళ్లు చూసేవాడు. ఆమె కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, గింజలు చెరిగేది. ఎముకలు పసిబిడ్డకు ఎక్కువా, పెద్దవాడికి ఎక్కువా అని ఒకనాడు మా ఆయన అడిగాడు. పెద్దోనికే గద దొరా అన్నాడు అతడు. కాదు, పుట్టిన బిడ్డకే ఎక్కువ, పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోతాయి. తప్పు చెప్పినందుకు బడిలో పిల్లల్లాగే చెవులు పట్టుకొని గుంజీలు తీయమన్నాడు. నలభై దాటిన మనిషి, ఇంటి ముందు, తన పెండ్లాం చూస్తుండగా గుంజీలు తీశాడు. మధ్యమధ్య నవ్వాడు కూడా, దొర నవ్వుతున్నాడు కదా అని. ఆమె మాత్రం నవ్వలేదు. తల వంచుకొని చేట అంచు గిల్లుతూ కూర్చుంది.

ఆ ఏడాది దీపావళి వెళ్లాక రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపారని పత్రికలో వచ్చింది. మా ఆయన తనే పంపినంత గర్వంగా చదివాడు. అంతా విని ఆమె మెల్లగా అడిగింది, దాన్ని మల్ల ఎట్ల దించుతరు దొరా అని. దించరు, ఆ ఏర్పాటే లేదు, అది అక్కడే చచ్చిపోతుంది అన్నాడు. మరి దానికి ఎరుకనా అని అడిగింది ఆమె. ఆయన పడీపడీ నవ్వాడు. కుక్కకు ఎరుకేమిటి, ఎక్కమన్నారు, ఎక్కింది అన్నాడు.

ఇక్కడ మా మాటల సంగతి ఒకటి చెప్పాలి. కొన్నింటిని మేం ఉన్నది ఉన్నట్టు నోటితో అనం. కుండలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. నల్లపూసల పేట తెగితే పెరిగిందంటాం. దీపం ఆరిందని మా ఆడవాళ్లు చచ్చినా అనరు. ఆరిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. అందుకని దీపం పెద్దగైంది అంటారు. ఆర్పమనాలన్నా పెద్దగ చెయ్యమనే అంటారు. పాకే పిల్లకు కూడా తెలిసిన మాట ఇది. బెజవాడలో దీపం కొండెక్కుతుందట. అంటే చెడు మాటను మింగి మంచి మాట పలికే అలవాటు మా ఆయన ఎరగనిది కాదు. ఎరగనిది మా మాట. చిన్నప్పుడు విన్నదంతా బెజవాడలోనే మరిచిపోయాడు. తెలుసుకుందామనీ ఎన్నడూ అనుకోలేదు. మా మాటలు ఆయనకు నవ్వుకోవడానికే పనికొచ్చేవి. నేను తొట్టిని గోలెం అంటే నవ్వు, కడవను పటువ అంటే నవ్వు, వచ్చిండు అంటే అన్నం మానేసి నవ్వు. అందుకే ఆయన ముందు నేను నోరు విప్పడం తగ్గించాను. దీపం నేనే ముట్టించి నేనే ఆర్పే ఇంట్లో, ఆ మాట ఆయన చెవిన పడే అవసరం రాలేదు.

మిరుగు వచ్చింది, తొలకరి పడింది. నాట్లకూ దున్నకాలకూ కూలి గింజల్లోనే ఇచ్చే రోజులవి. ఇంట్లో జొన్నలు నిండుకుంటే పాతర తీయాలి. పాతర అంటే గట్టినేలలో మనిషిన్నర లోతు తవ్విన గొయ్యి. కడుపు పెద్దది, మూతి మాత్రం ఒక మనిషి దూరేటంత. లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మీద బండ మూసి మట్టితో మెత్తుతారు. ఏళ్లు గడిచినా గింజ చెడదు. ఊళ్లో పద్ధతేమిటంటే, బండ తీసిన రోజు ఎవరూ లోపలికి దిగరు. పాతర ఊపిరి తీసుకోవాలంటారు. మరునాడు దీపం దించి చూస్తారు. పెద్దగైతే వేపమండలతో విసిరి, ఇంకా ఆగి, మళ్లీ దీపం దించుతారు. దీపం నిలబడితేనే మనిషి దిగుతాడు. పాతరలో దయ్యం ఉంటుందనీ, తొందరపడితే పట్టుకుంటుందనీ పిల్లలకు చెప్పేవాళ్లు.

దయ్యం అన్న మాట మా ఆయనకు చిక్కింది. ఆ సంగతీ ఆయన చదివే ఉన్నాడు. గింజ కూడా మనలాగే ఊపిరి పీలుస్తుందట, మూసిన చోట మంచి గాలంతా తినేసి బొగ్గుపులుసు గాలి వదులుతుందట. అది బరువైనది కాబట్టి అడుగున నిలుస్తుంది. అందులో దీపమూ బతకదు, మనిషీ బతకడు. ఇదంతా నిజమే. ఇంత నిజం తెలిసినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉన్నాడో లేడో. ఒక రోజంతా ఆగడం దేనికి, దీపం పరీక్ష చాలు, దయ్యం సంగతి కళ్లముందే తేల్చేస్తానని బడి పిల్లలను తోలుకొచ్చాడు. మా మామ వ్యాజ్యం పని మీద కరీంనగర్ పోయి ఉన్నాడు. ఆయన ఊళ్లో ఉంటే ఒప్పుకునేవాడు కాదు. మనిషి మీద ప్రేమతో కాదు, మిరుగులో ఇంకో జీతగాడు దొరకడని.

నేను అక్కడ లేను. మా ఇంటి ఆడవాళ్లు వాకిలి దాటకూడదు. జరిగింది మాత్రం తర్వాత జీతగాడి పెండ్లాం నోట విన్నాను, మా ఆయన నోట విన్నాను, బడి పిల్లల తల్లుల నోట విన్నాను. అందరూ అవే మాటలు చెప్పారు. ఒక్క అక్షరం తేడా లేదు, అదే నన్ను ఇప్పటికీ కాల్చేది.

బండ తీసిన కాసేపటికే దీపం దించమన్నాడు మా ఆయన. ముంతలో ఆముదం దీపం పెట్టి, తాడు కట్టి, ఆమె చేతికి ఇచ్చారు. ఉన్న ఒక్క తాడూ దీపానికే కట్టారు. ఆయన దూరంగా చింతచెట్టు నీడలో పిల్లలతో నిలబడ్డాడు. పాతర దగ్గర మట్టీ ముక్కిన గడ్డి వాసనా, తెల్ల పంచె మాసిపోతుంది. ఆమె మూతి మీదికి వంగి తాడు వదిలింది. దీపం సగం దిగిందో లేదో పోయింది.

“పెద్దగైంది దొరా” అంది.

“బాగా పెద్దగైందా?” అని అక్కడి నుంచే అడిగాడు.

“బాగనే పెద్దగైంది.”

చూశారా, గాలి ఉంటే మంట ఎలా పెరుగుతుందో అని ఆయన పిల్లల వైపు తిరిగి చెప్పాడు. పిల్లలంతా మా ఊరి పిల్లలే. ఆ మాట అందరికీ తెలుసు. కానీ పంతులు మాట్లాడుతుంటే నోరు తెరిచినవాడికి ఏం జరుగుతుందో కూడా అందరికీ తెలుసు. ఎవరూ తెరవలేదు.

దిగమన్నాడు. జీతగాడు గంప కింద పెట్టి, తల రుమాలు తీసి చేతిలో పట్టుకొని, ఆయన దగ్గరికి నడిచి వచ్చాడు.

“దొరా, దీపం పెద్దగైంది” అన్నాడు.

“అందుకే దిగమంటున్నాను” అన్నాడు మా ఆయన.

అతడు రుమాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడట. తర్వాత పాతర దగ్గరికి వెళ్లి, పెండ్లాంతో ఏదో చెప్పి, గంప లోపలికి వేసి, అంచు పట్టుకొని లోపలికి జారాడు. గంప అందుకుందామని వంగినవాడు మళ్లీ లేవలేదు. ఆమె పాతర మూతి మీద పడి పిలిచింది. చేను నుంచి ఉరికొచ్చిన ఒకతను దూకబోతే మా ఆయనే ఆపాడు. లోపల బొగ్గుపులుసు గాలి ఉంది, ఇప్పుడెవరూ దిగకూడదన్నాడు. అప్పుడు ఆయనకు అంతా సరిగ్గానే తెలిసింది. మూతి పక్కన తవ్వి అతణ్ని బయటికి తీసేసరికి పొద్దు వాలింది. అతని నోట్లో, చెవుల్లో జొన్నలు ఉన్నాయి. ఆమె ఒక్కొక్క గింజా తీసింది.

మూడు ఊళ్లకు కలిపి ఒక పోలీసు అమీను ఉండేవాడు, బందరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. మా ఇంట్లో కోడి కోశారు. భోజనం అయ్యాక ఆమెను పిలిపించారు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. దీపం దించింది నువ్వేనా అని అడిగాడు. నేనే అంది. చూసి ఏం చెప్పావన్నాడు.

“పెద్దగైందని చెప్పిన సారూ.”

అమీను మా ఆయన వైపు చూసి తలాడించాడు. ఆమే ఒప్పుకుంటోంది కదా అన్నాడు. దీపం పెరిగిందని చెప్పి మొగుణ్ని చంపుకున్నావు కదే అని ఆమెను అడిగాడు. ఆమె మళ్లీ అదే మాట అంది, ఈసారి గట్టిగా, పెద్దగైందనే చెప్పిన, రెండు సార్లు చెప్పిన, నా పెనిమిటి గూడ చెప్పిండు అని. ఎంత నిజం చెబితే అంత ఉచ్చు బిగిసింది. ఆరిందా అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అమీనుకు అడగాలని తోచలేదు. మా మామకు తోచింది. కబురు అంది కరీంనగర్ నుంచి తిరిగొచ్చి, అరుగు మీద అందరి మధ్యా కూర్చొని ఉన్నాడు. రెండు వైపుల మాటా తెలిసినవాడు ఆయనొక్కడే. తమలపాకు ఈనె తీస్తూ కూర్చున్నాడు.

మంచినీళ్లకు లోపలికి వచ్చినప్పుడు నేను అడ్డం నిలబడ్డాను. పెద్దగైందంటే ఆరిందని చెప్పుండ్రి మామా అన్నాను. ఆ ఇంట్లో అడుగు పెట్టాక నేను ఆయనతో అంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

“నాకు తెల్వదా బిడ్డా” అన్నాడు ఆయన. “చెప్పి నీ పెనిమిటిని జైలుకు తోల్దునా?”

నీళ్లు తాగి, మూతి తుడుచుకొని, మళ్లీ అరుగు మీదికి వెళ్లాడు. ఊళ్లో పెద్దమనుషులందరికీ ఆ మాట అర్థం తెలుసు. దొర నోరు విప్పనప్పుడు వాళ్లెవరు విప్పడానికి? అమీను వెళ్లిపోయాడు. మొగుడు ఉగాది దాకా ఒప్పుకున్న జీతం మిగిలి ఉందని, దాని కింద ఆమె మా ఇంట్లోనే పని చేయాలని మా మామ తేల్చాడు. వాళ్లు దున్నుకునే చెలకముక్క వెనక్కి తీసుకున్నాడు. ఊరి పిల్లలు ఆమెకు పెద్దదీపం అని పేరు పెట్టారు. ఇంటి నుంచి మా కొట్టం దాకా ఆ పేరు ఆమె వెంట వచ్చేది. ఆ పిల్లల్లో కొందరు ఆ రోజు చింతచెట్టు కింద నిలబడ్డవాళ్లే.

మా ఆయనకు నేనే చెప్పాను, అన్నం వడ్డిస్తూ. మీరు చంపిండ్రు, ఆమె కాదు, పెద్దగైందంటే ఆరిందని అన్నాను. చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, ఈ మనిషి ఇప్పుడు లేచి వెళ్లి ఆమె కాళ్ల మీద పడతాడేమో అని. ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగి, నిజంగానా, ఎంత విచిత్రం, ఒక మాటకు సరిగ్గా ఎదురు అర్థం అన్నాడు. ఇంకా ఇలాంటివి ఏమున్నాయి మీ దగ్గర అని అడిగాడు. ఆ క్షణాన ఆయన్ని అసహ్యించుకోవడం మొదలుపెట్టాను. తర్వాత ఆ మనిషితో చాలా ఏళ్లు కాపురం చేశాను, పిల్లల్ని కన్నాను, జ్వరం వస్తే గంజి కాచి పోశాను. అసహ్యం మాత్రం ఒక్కనాడూ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ నేను చూడలేదు.

చలికాలంలో కరీంనగర్ నుంచి బడుల తనిఖీ అధికారి వచ్చాడు, వెంట ఇద్దరు పంతుళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆమె ఎంగిలి విస్తర్లు ఎత్తుతోంది. మా ఆయన అరుగు మీద చేరగిలబడి మొదలుపెట్టాడు.

“మీకు తెలుసా? ఈ ప్రాంతంలో దీపం ఆరితే పెద్దగైంది అంటారు. నేను పుట్టిన ఊరే, మొన్న మొన్నటి దాకా నాకే తెలియదు.”

అధికారి కడుపు పట్టుకొని నవ్వాడు. మరి నిజంగా పెద్దదైతే ఏమంటారండీ అని ఒక పంతులు అడిగాడు. అందరూ ఇంకోసారి నవ్వారు. పాతర గురించి గానీ, మనిషి గురించి గానీ మా ఆయన ఒక్క మాట అనలేదు. అది పత్రిక చివరి పేజీలో పట్టేటంత చిన్నగా, శుభ్రంగా తయారైంది ఆయన నోట్లో. ఆమె విస్తర్లు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఏమిటి చూస్తున్నావు, తీసెయ్యి అన్నాడు ఆయన.

ఆమె పెరట్లోకి వచ్చింది. నేను బావి దగ్గర ఉన్నాను. విస్తర్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

“చిన్నదొరకు గా మాట తెల్వదా దొరసానీ?” అంది.

తెల్వదన్నాను.

“గా దినం గూడ తెల్వదా?”

గా దినం గూడ తెల్వదన్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసనే నేను అన్ని నెలలూ అనుకున్నాను. అమీను ముందు కూర్చున్న రోజే అర్థమై ఉంటుందనుకున్నాను. ఆమె మొహం చూస్తే అప్పుడే వింటోందని తెలిసింది. అమీనూ దొరలూ కావాలనే మాట తిప్పుతున్నారని అనుకుందట, దొరలు ఎప్పుడూ చేసే పనే కదా అని. విస్తర్లు జారి కింద పడ్డాయి. ఆమె వాటిని చూసుకోలేదు.

“మేం తెలుసనే అనుకున్నం” అంది. “దీపం పెద్దగైందని నేను చెప్తి, నా పెనిమిటి చెప్పిండు. అందుకే దిగుమంటున్న అన్నడు. నా పెనిమిటి నా దగ్గరికొచ్చి, దొర నా పాణం అడుగుతున్నడే, నేను దిగకుంటే నిన్ను బతుకనియ్యరు అన్నడు. నేను గూడ ఆపలే దొరసానీ. దొర అడిగిండు గదా అనుకున్న.”

ఆమె నా వైపు చూడటం లేదు.

“తెల్వదని ఎరుకైతే ఒక్క మాట చెప్పకపోదుమా? తెల్వనోనికి చెప్పొచ్చు. తెలిసి పంపెటోనికి ఏం చెప్తమని, దిగిండు.”